పారామెడికల్ కోర్సు: ఫీజు ఎంత, జీతం ఎంత, అప్పు ఎన్నాళ్లు?

ఇంటర్ ఫలితాలు రాగానే మన వాడలకు ముందుగా వచ్చేది కాలేజీ ఏజెంట్లే. నీట్‌లో ర్యాంకు రాని బైపీసీ పిల్లలకు ‘రెండేళ్లలో ఆస్పత్రి ఉద్యోగం’ అని చెప్పి డీఎంఎల్‌టీ, డయాలసిస్, అనస్తీషియా టెక్నీషియన్ లాంటి కోర్సుల్లో చేర్పిస్తారు. ఈ కోర్సులు పనికిరానివని మేము అనడం లేదు. కూలి పని చేసే కుటుంబంలో నెల జీతం తెచ్చే మొదటి మనిషిని తయారు చేసేవి చాలాసార్లు ఇవే. కానీ ఏజెంటు ఫీజు చెబుతాడు, ఉద్యోగం చెబుతాడు. ఆ ఉద్యోగంలో మొదటి జీతం ఎంతో, దానితో అప్పు తీరుతుందో లేదో చెప్పడు.

ముందుగా గుర్తింపు సంగతి. 2021లో వచ్చిన జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం ప్రకారం అనుబంధ ఆరోగ్య వృత్తి నిపుణులకు రెండు నుంచి నాలుగేళ్ల కాలంలో కనీసం 2,000 గంటల చదువు ఉండాలి. ఆరు నెలల సర్టిఫికెట్‌కు అంత బరువు లేదు. ఎక్కడిదో ఊరూపేరూ తెలియని బోర్డు ముద్ర ఉన్న కాగితం కన్నా రాష్ట్ర పారామెడికల్ బోర్డులో రిజిస్ట్రేషన్ దొరుకుతుందా లేదా అన్నదే అసలు ప్రశ్న. అది లేకపోతే ప్రభుత్వ పోస్టుకు దరఖాస్తే చేసుకోలేరు.

తర్వాత స్కాలర్‌షిప్. ఎస్సీ విద్యార్థుల కేంద్ర పోస్ట్ మెట్రిక్ పథకానికి కుటుంబ వార్షికాదాయ పరిమితి 2.5 లక్షల రూపాయలు. పారామెడికల్ కోర్సులు రెండో గ్రూపు కిందికి వస్తాయి. హాస్టల్లో ఉంటే ఏడాదికి 9,500, ఇంటి నుంచి వెళ్లి చదివితే 6,500 రూపాయల భత్యం ఉంది. రెండు మెలికలు మాత్రం చాలామందికి సీటు తీసుకున్నాకే తెలుస్తాయి. మేనేజ్‌మెంట్ కోటా సీటుకు ఈ పథకం వర్తించదు. ఒకే స్థాయి చదువును మరో సబ్జెక్టులో రెండోసారి చదివినా వర్తించదు. బీఎస్సీ అయ్యాక మళ్లీ డిప్లొమాలో చేరాలనుకునేవాళ్లు సాంఘిక సంక్షేమ శాఖ కార్యాలయంలో ముందే అడిగి తెలుసుకోవాలి. కాలేజీ గుమస్తా మాట నమ్మి ఊరుకోవద్దు.

ఇక అప్పు. ఫీజు, తిండి, గది కలిపి రెండేళ్లకు లక్షన్నర అవసరమైందని, ఆ మొత్తాన్ని ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారని అనుకుందాం. నెలకు వడ్డీ 3,000. చదువు పూర్తయ్యేసరికి వడ్డీయే 72,000 అవుతుంది. అప్పుడు నోటు తిరగరాస్తే అసలు 2,22,000కు పెరుగుతుంది, నెల వడ్డీ 4,440కి చేరుతుంది. హైదరాబాద్‌లో ప్రైవేటు ల్యాబులో మొదటి జీతం 12,000 అనుకుంటే, హాస్టల్‌కు 6,000, బస్సుకు, చిల్లర ఖర్చులకు 1,500 పోగా మిగిలేది 4,500. అంటే నెలంతా రక్తనాళాల మీద, సూక్ష్మదర్శిని మీద చేసిన పని వడ్డీ దగ్గరే ఆగిపోతుంది. అసలు ఒక్క రూపాయి తగ్గదు. ఇంటికి పంపేది సరేసరి.

అదే లక్షన్నర బ్యాంకులో 11 శాతానికి తీసుకుంటే రెండేళ్ల సాధారణ వడ్డీ 33,000. మొత్తం 1,83,000ను ఐదేళ్ల వాయిదాల్లో కడితే నెలకు సుమారు 4,000 పడుతుంది. చేతి నుంచి పోయేది దాదాపు అంతే, కానీ ఇక్కడ 60 నెలలకు అప్పు పూర్తిగా తీరిపోతుంది. గుర్తింపు ఉన్న కోర్సుకు 4 లక్షల లోపు విద్యారుణానికి బ్యాంకు తాకట్టు అడగకూడదు. నైపుణ్య కోర్సులకు ఇచ్చే మోడల్ స్కిల్ లోన్ పరిమితిని 2024 జులైలో లక్షన్నర నుంచి 7.5 లక్షలకు పెంచారు. మేనేజరు నోటిమాటతో తిప్పి పంపితే కారణం కాగితం మీద రాసివ్వమని అడగండి. ఆ కాగితం ఉంటే సంఘాలు వెంటపడటానికి వీలుంటుంది.

జీతం ఎక్కడ మారుతుందో కూడా చూడాలి. తెలంగాణలో 2024 సెప్టెంబరులో 1,284 ల్యాబ్ టెక్నీషియన్ గ్రేడ్-2 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. స్కేలు 32,810 నుంచి 96,890. 100 మార్కుల్లో రాత పరీక్షకు 80, ప్రభుత్వ ఆస్పత్రుల్లో కాంట్రాక్టు లేదా అవుట్‌సోర్సింగ్ సేవకు 20. ఆరు నెలలకు 2 మార్కులు, గిరిజన ప్రాంతంలో అయితే 2.5. ప్రైవేటు ల్యాబులో పదేళ్లు చేసినా ఇక్కడ ఒక్క మార్కు రాదు. కాబట్టి ప్రైవేటులో వెయ్యి ఎక్కువ వస్తుందని పీహెచ్‌సీ కాంట్రాక్టు పని వదులుకునే ముందు ఈ లెక్క కూడా వేసుకోవాలి. రిజర్వేషన్ ఉన్నదీ ప్రభుత్వ పోస్టుల్లోనే, కార్పొరేట్ ఆస్పత్రిలో లేదు.

ఇదే పోస్టుకు ఇంటర్ వొకేషనల్ ఎంఎల్‌టీ చదివి, ఏడాది క్లినికల్ అప్రెంటిస్‌షిప్ చేసినవాళ్లు కూడా అర్హులే. పదో తరగతి పిల్లలకు ఈ సంగతి ఎవరూ చెప్పరు. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఫీజు భారం దాదాపు ఉండదు గనుక ఏజెంటుకు కమీషన్ రాదు, అందుకే ప్రచారమూ లేదు. 

పని ఏ ఊళ్లో దొరుకుతుందన్నది కూడా ఆదాయంలో భాగమే. ల్యాబ్ టెక్నీషియన్‌కు మండలంలోనే పని దొరకవచ్చు. క్యాత్ ల్యాబ్ టెక్నీషియన్‌కు గుండె వైద్యం ఉన్న పెద్ద ఆస్పత్రి కావాలి, అంటే నగరం, నగరంలో అద్దె. జీతం రెండు వేలు ఎక్కువ ఉన్నా ఇంట్లో ఉండి పనికి వెళ్లేవాళ్ల చేతిలోనే ఎక్కువ మిగలవచ్చు.