పల్నాటి యడవిదారులు



ఇటీవల నొకనాటి యుదయమున నలుగురు యువకులు సైకిళ్లతో మా యింటి యరుగు ముందఱ దిగిరి. వారి సైకిళ్ల చక్రములు లావుగాను గరుకుగాను ఉన్నవి. తారురోడ్డు వారికి వలదట. కంకరదారులు, ఎఱ్ఱమట్టిబాటలు, కొండత్రోవలు కావలెనట. అమెరికాలో కాన్సాసు రాష్ట్రమందలి ఎంపోరియా యను పట్టణమున 2006లో ఇట్టి కంకరదారులపై 200 మైళ్ల సైకిలుపందె మొకటి మొదలైనదనియు, ఆ వేడుక నేడు పెక్కు దేశములకు ప్రాకినదనియు వారు చెప్పిరి. పిదప, “మాస్టారూ, మీ పల్నాటిలో అడవి కడ్డముగా పోవు పాతబాట లెక్కడెక్కడ నున్నవండీ?” అని యడిగిరి.

నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. తలచుకొన్న ప్రతిబాట వెనుక నొక చరిత్ర మెదలినది. వానిలో కొన్ని నీటిక్రింద నున్నవి. కొన్నిటికి గేట్లు పడినవి. కొన్నిటిని చూపగలవారు గతించిరి. ఆనాటి నా తడబాటే నేటి ఈ ప్రసంగమునకు మూలము.

మన సీమకు ఉత్తరమున కృష్ణ, పశ్చిమ దక్షిణముల నల్లమల. నడుమ నేల నాపరాతిది. ఈ రాతినేలను ఎగతాళి చేయు చాటువులు శ్రీనాథుని పేర నేటికిని వ్యాపించియున్నవి. కాని రాతినేల కొక సుగుణము గలదు: అందు పడిన బాట చాలకాలము నిలుచును. బండి నడచునది డొంక, కొండ దాటించునది కనుమ, ఏటిని దాటించునది రేవు. ఈ మూడు మాటల నెఱిగినవానికి పల్నాటి చరిత్ర సగము తెలిసినట్లే.

మొదటి సాక్ష్యము విజయపురి. క్రీస్తుశకము 3వ శతాబ్దమున ఇక్ష్వాకు రాజులు తమ రాజధానిని మూడువైపుల కొండలును నాలుగవవైపున కృష్ణయు గల లోయలో నిలిపిరి. అది యడవిమూల యని మన మనుకొందుము. కాని బోధిశ్రీ యను ఉపాసిక సింహళాచార్యులకై చైత్యగృహము కట్టించి వేయించిన శాసనమున కాశ్మీరము, గాంధారము, చీన, వంగము, తామ్రపర్ణి మొదలగు దేశముల పేళ్లు వినవచ్చుచున్నవి. కృష్ణాముఖమున నున్న కంటకసేల, అనగా నేటి ఘంటసాల, పేరును అందు గలదు. రోమక సువర్ణనాణెములును అచట దొరకినవి. ఇన్ని దేశముల వార్త ఆ లోయకు చేరెననగా, కనుమలగుండ బాటలు నడచుచుండెనని వేఱుగ చెప్పవలెనా?

ఆ నగరము మఱుగుపడి, మరల వెలుగునకు వచ్చుట 1926లో. అచటి యొక ప్రాచీనస్తంభమును చూచి ప్రభుత్వమునకు తెలిపినవాడు సూరపరాజు వెంకటరామయ్యగారను స్థానికోపాధ్యాయుడు. ఆ పిమ్మటనే శాసనశాఖవారు వచ్చిరి. పల్లెటూరి బడిపంతులొకడు కంటబడినదానిని కాగితముపై పెట్టుటచే రాజధానియే బయటపడెను. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు. చివర మరల దీనితో పని యున్నది.

రెండవది 12వ శతాబ్దపు వీరులబాట. కోడిపందెమున నోడి వనవాసమునకు వెడలిన మలిదేవరాజును, బ్రహ్మనాయుడును మాచర్ల విడిచి మండాదికి, అటనుండి త్రిపురాంతక ప్రాంతమందలి మేడపికి తరలిరని వీరగాథలు చెప్పును. సంధిమాటకై గురజాలకు పోయిన అలరాజు చర్లగుడిపాడులో విషప్రయోగమునకు బలియయ్యెను. తుదకు కారెంపూడిలో నాగులేటి యొడ్డున యుద్ధము. ఏటేట కార్తికమాసమున ఆయా గ్రామములవారు వీరుల కొణతములను మోసికొని కారెంపూడికి వచ్చుట మీరెఱిగినదే. ఆ కథను వినుచు ఊళ్లపేళ్లను వరుసగా కూర్చికొన్నచో మాచర్లనుండి త్రిపురాంతకము దాక నొక బాటపటము తనంత తానే యేర్పడును.

ఆ త్రిపురాంతకమే శ్రీశైలమునకు తూర్పుద్వారము. కనుక వీరులబాట కొనయందు భక్తులబాట మొదలగుచున్నది. రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దమున శ్రీశైలమునకును అహోబిలమునకును సోపానములు కట్టించెను. 1830లో కాశీయాత్రకు వెడలిన ఏనుగుల వీరాస్వామయ్యగారు ఆత్మకూరు వైపునుండి ఈ నల్లమలనే యెక్కి మల్లికార్జునుని దర్శించిరి. ఆ యడవిలో తోడునడచి బాటచూపినవారు చెంచులు. మనము బాటలను గూర్చి చెప్పుకొనునపుడు వారి పేరు మఱచుట కృతఘ్నత.

మూడవది పసులకాపరిబాట. దీనిలో నెత్తురు గలదు. 1882 నాటి మద్రాసు అటవీచట్టము పిమ్మట తాతలనాటి మేతభూములకు హద్దురాళ్లు పడినవి. పసువు అడవిలో అడుగిడుటకు పుల్లరి చెల్లింపవలసివచ్చెను. 1921లో పల్నాటి రైతులు ఎదురుతిరిగిరి. విచారణకు వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణగారిని, మాడభూషి వేదాంతం నరసింహాచార్యులవారిని ప్రభుత్వము నిర్బంధించెను. 1922 ఫిబ్రవరిలో మించాలపాటి వీరుడు కన్నెగంటి హనుమంతు తుపాకిగుండ్లకు నేలకొరిగెను. పసువు నడచు బాట యెవరిదను ప్రశ్నకు ఆయన తన ప్రాణమునే సమాధానముగా నిచ్చెను.

పిదప 1955లో నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. 1967లో కాలువలకు నీరు వదలిరి. విజయపురి లోయయు, అందలి డొంకలును, రేవులును మునిగినవి. కొండకొన ద్వీపమైనది, నాడు బండి పోయినచోటికి నేడు పడవ పోవుచున్నది. దానికి బదులుగా కుడికాలువ 203 కిలోమీటర్ల పొడవున సాగి మన చేలను తడిపినది, కాలువకట్టయే క్రొత్తబాటయైనది. 1983లో నల్లమల పులుల సంరక్షణ ప్రణాళిక క్రిందికి వచ్చినది. అనుమతి లేక లోపలి యడవిలో తిరుగరాదు. అది న్యాయమే. మనుష్యునికి మాఱుబాట దొరకును; పులికి దొరకదు.

కావున ఆ యువకులకు నేనిట్లు చెప్పితిని: “నాయనలారా, కాలువకట్టలును, చేలనడుమ డొంకలును, కారెంపూడి, దుర్గి, వెల్దుర్తి వైపు మట్టిదారులును మీవే. అడవిలోపలికి మాత్రము అటవీశాఖవారి సెలవు లేక పోకుడు. దారిలో పసులమంద యెదురైనచో సైకిలు దిగి నిలువుడు. ఆ బాటకై ప్రాణమిచ్చినవారు గలరు.”

వారు పోయిన పిమ్మట నా పొరపాటు నాకు తోచినది. ఉద్యోగపు తొలినాళ్లలో నేనును ఈ రాళ్లపై సైకిలు త్రొక్కితిని. ఒకనాడు నాపపలుకు గ్రుచ్చుకొని చక్రము గాలిపోగా, గొఱ్ఱెలకాపరి యైన వృద్ధుడొకడు అడ్డదారి డొంకను చూపి, దాని పేరును, అందలి ఊటబావి పేరును చెప్పి నన్ను బడివేళకు చేర్చెను. నే నా పేళ్లను వ్రాసికొనలేదు. నేడు ఆ వృద్ధుడు లేడు. డొంక చేలలో కలిసిపోయినది. పేళ్లు నాకు గుర్తు రావు. వేల పుస్తకములు దిద్దిన చేతికి ఆ రెండు మాటలు వ్రాయుటకు తీఱిక లేకపోయెను!

పెద్దలారా, వెంకటరామయ్యగారు చేసినదియు, నేను చేయనిదియు ఇంతమాత్రమే. మీ గ్రామమున ఎన్ని డొంకలు గలవు, ఏ కనుమ కే పేరు, ఏ రేవున నెవరు దాటెడివారు అను సంగతులను మీ మనుమని నోటుపుస్తకములో వ్రాయింపుడు. వీలైనచో వానిని వెంటబెట్టుకొని యొకమాఱు నడువుడు. నడచినంతకాలమే బాట బాటగా నుండును. పేరు పలికినంతకాలమే దాని చరిత్ర నిలుచును.