దొరకలేదు అను జవాబు

1935లో అమెరికా సంయుక్త రాష్ట్రములలో సాంఘిక భద్రతా చట్టము వచ్చినది. 65 సంవత్సరములు నిండినవారికి వృద్ధాప్యపు పింఛను ఇచ్చుటకు అందులో ఏర్పాటు ఉన్నది. అయితే పింఛను కోరువారు తమ వయస్సును రుజువు చేసుకొనవలెను. వారు పుట్టిన నాటికి ఆ దేశమున చాలచోట్ల జననములను నమోదు చేయు పద్ధతి స్థిరపడలేదు. అందువలన పాత జనాభా లెక్కల పుస్తకములే చాలమందికి ఆధారమైనవి. 1880 నాటి లెక్కలలో 5 కోట్లకు పైగా మనుష్యులున్నారు. పేరు అందులో ఉండియు వెదకినవానికి కనబడనిచో, ఆ ముసలివాని నోటికాడి కూడు పోయినట్లే.

ఉన్న పేరు ఎందుకు కనబడదు? లెక్కలకు వచ్చిన గుమాస్తా తన చెవికి వినబడినట్లు వ్రాసుకొన్నాడు. స్మిత్ అను పేరును ఇంగ్లీషులో ‘ఐ’ అక్షరముతోను వ్రాయవచ్చును, ‘వై’ అక్షరముతోను వ్రాయవచ్చును. ఈ చిక్కునకు రాబర్ట్ రసెల్ అనునాయన ఒక ఉపాయము కనిపెట్టి 1918లో పేటెంటు పొందినాడు. దానినుండి వచ్చిన పద్ధతికే సౌండెక్స్ అని పేరు. పేరులోని మొదటి అక్షరమును ఉంచి, అచ్చులను విడిచి, దగ్గరి ధ్వనులు గల హల్లులకు ఒకే అంకె వేయుదురు. స్మిత్‌ను ఎట్లు వ్రాసినను ‘ఎస్ 530’ అనియే వచ్చును. 1880 లెక్కలకు ఈ పద్ధతిలో సూచిక తయారు చేసినప్పుడు పదేండ్లు, అంతకు లోపు పిల్లలున్న కుటుంబములనే తీసుకొన్నారు. 1880లో పదేండ్ల బిడ్డకు 1935లో ఎన్నేండ్లు? కారణము అందులోనే ఉన్నది.

ఈ ఉపాయమునకును లోపము కలదు. ‘నైట్’ అను పేరును పలుకబడని ‘కె’తో మొదలుపెట్టినచో మరియొక సంకేతము వచ్చును.

కాలము మారినది. 1970లో ఐ.బి.ఎం. సంస్థలోని ఎడ్గర్ కాడ్ సమాచారమును పట్టికలుగా అమర్చు సిద్ధాంతమును ప్రకటించినాడు. ఆ పట్టికలను ప్రశ్నించు భాషను 1974లో అదే సంస్థవారైన ఛేంబర్లిన్, బాయిస్ వెలువరించినారు. నేటి ఎస్.క్యు.ఎల్. దాని రూపాంతరమే. 1993లో ఇల్లినాయి విశ్వవిద్యాలయపు సూపర్‌కంప్యూటరు కేంద్రము, వెబ్ ఫారములో నింపిన మాటలను సర్వరు మీది ప్రోగ్రామునకు అందించు పద్ధతిని రూపొందించినది. అప్పటినుండి వెదకువాడు ఒకచోట, పుస్తకము మరియొకచోట.

నడుమ దారి పెరిగినకొలది తప్పు దాగుటకు చోట్లును పెరిగినవి. ‘దొరకలేదు’ అని తెరమీద రాగానే అనుభవజ్ఞుడు ఫారమును దిద్దబోడు. తప్పక ఉన్నదని తెలిసిన ఒక పేరును తీసికొని డేటాబేస్‌నే నేరుగా అడుగును. అక్కడ దొరకినచో తప్పు దారిలో ఉన్నది. పిమ్మట సర్వరునకు చేరినదేమో చూచును. ఫారములోని గడికి తెరపై కనబడు పేరు వేరు, లోపల పెట్టిన పేరు వేరు. ప్రోగ్రాము మరియొక పేరుకై ఎదురుచూచుచున్నచో దానికి ఖాళీయే అందును. ఖాళీ ప్రశ్నకు జవాబు రెండు విధములు. పూర్తి పేరుతో సరిపోల్చు ప్రోగ్రామునకు ఏమియు దొరకదు. పేరులో కొంత భాగము కలిసిన చాలునను ప్రోగ్రాము పట్టికలోని పేర్లన్నిటిని తెచ్చి కుప్ప పోయును. రెండింటికి మూలము ఒకటేనని చాలమందికి తోచదు.

ఐర్లండువారి ‘ఓబ్రయన్’ పేరు మరింత చిత్రమైనది. ఇంగ్లీషులో అందు ‘ఓ’ తరువాత ఒంటి కొటేషను వంటి గుర్తుండును. ఎస్.క్యు.ఎల్.లో మాట ముగిసినదని చెప్పునదియు ఆ గుర్తే! పేరును ప్రశ్నలో అతికించినంతనే ప్రశ్న నడుమ తెగిపోవును. ఇది కేవలము చికాకు కాదు. ఆ గుర్తు తరువాత ఆజ్ఞలు చొప్పించి డేటాబేస్‌ను లోబరచుకొనవచ్చునని 1998లో ఫ్రాక్ అను పత్రికలో వచ్చిన వ్యాసము చూపినది. ప్రశ్నను, పేరును వేరువేరుగా పంపుటయే దానికి మందు.

తెలుగులోను చిక్కున్నది. 1991 నాటి యూనికోడ్‌లో తెలుగు చేరినది. ‘మైలవరం’లోని ఐత్వమును ఒకే సంకేతముగా నిలువ చేయవచ్చును, ఎత్వము, దానికి చేరు క్రింది గుర్తు అని రెండు సంకేతములుగాను చేయవచ్చును. తెరపై రెండును ఒకటే. కంటికి ఒకటైనను, సంకేతములనే పోల్చు ప్రోగ్రాము వీటిని వేరు మాటలుగా ఎంచును. నిలువ చేయునప్పుడును వెదకునప్పుడును ఒకే రూపమునకు మార్చినచో ఈ భేదము తొలగును; అందుకు యూనికోడ్‌లోనే నియమములున్నవి. కాని ‘మైలవరం’, ‘మైలవరము’ ఒకే ఊరని ఆ నియమములు చెప్పవు. ఆ పని ఫారము తయారు చేయువాడే చేయవలెను.