మోకాలి మెనిస్కస్

మోకాలి కీలులో తొడ ఎముకకూ దాని కింది టిబియా ఎముకకూ మధ్య అమరి ఉండే నెలవంక ఆకారపు మృదులాస్థి మెనిస్కస్. ప్రతి మోకాలిలో లోపలి వైపు ఒకటి, బయటి వైపు ఒకటి ఉంటాయి. శరీర బరువును కీలంతటా పరచడం, అదుర్లను తగ్గించడం, కీలుకు నిలకడనివ్వడం వీటి పని. 19వ శతాబ్ది చివర పనికిరాని అవశేషంగా ముద్రపడిన ఈ భాగం విలువ, దాన్ని తీసేసిన మోకాళ్లు దెబ్బతినడం చూశాకే వైద్యులకు తెలిసివచ్చింది.

నిర్మాణం

తొడ ఎముక కింది కొస గుండ్రంగా ఉంటుంది, టిబియా పైభాగం దాదాపు చదును. ఈ రెండూ సరిగా పొసగని చోట మెనిస్కస్ చీలలా దూరి ఖాళీని పూడుస్తుంది. దాని బయటి అంచు మందం, లోపలి అంచు పలచన. లోపలి వైపు మెనిస్కస్ పక్కనున్న బంధనానికి అతుక్కుని ఉంటుంది కనుక పెద్దగా కదలదు. బయటి వైపుది మరింత గుండ్రంగా ఉండి, మోకాలు ముడిచినప్పుడు ఎక్కువ దూరం వెనక్కి జరుగుతుంది. లోపలిది తరచుగా చిరగడానికి ఈ కదలలేకపోవడం ఒక కారణం.

మెనిస్కస్ బరువులో సుమారు 70 శాతం నీరే. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం కొల్లాజెన్ పోగులు. వీటిలో అధికభాగం అంచు వెంబడి వంపుగా సాగుతాయి. కొన్ని మాత్రం అడ్డంగా వెళ్లి వాటిని కట్టిపడేస్తాయి.

పనిచేసే తీరు

కాలు నేల మీద మోపగానే తొడ ఎముక ఒత్తిడికి మెనిస్కస్ బయటికి జారబోతుంది. కానీ దాని రెండు కొనలూ టిబియాలో నాటుకుని ఉంటాయి. దాంతో అంచు వెంబడి ఉన్న పోగులు సాగి బిగుసుకుంటాయి; బండి చక్రానికి బిగించిన ఇనుప పట్టాలా విచ్చుకోకుండా ఆపుతాయి. కిందికి నొక్కే బరువు ఈ విధంగా పోగుల్లో లాగుడుగా మారుతుంది. మోకాలు చాపి ఉన్నప్పుడు కీలు మీది బరువులో సుమారు సగం, 90 డిగ్రీలు ముడిచినప్పుడు సుమారు 85 శాతం మెనిస్కస్‌ల గుండానే దిగుతుంది. అందుకే టిబియాలో నాటుకున్న కొన (వేరు) ఊడినా, అంచు అడ్డంగా తెగినా మెనిస్కస్ ఉండి కూడా లేనట్టే అవుతుంది. బరువంతా కొద్ది చోటే పడి, ఎముకల కొసలమీది మృదులాస్థి అరుగుతుంది.

పరిశోధన, చికిత్సల చరిత్ర

1883లో ఎడిన్‌బరో శస్త్రవైద్యుడు థామస్ అన్నండేల్ ఊడిన మెనిస్కస్‌ను కుట్టి యథాస్థానంలో నిలిపాడు. ఆ దారిని చాలామంది పట్టించుకోలేదు. లండన్ శస్త్రవైద్యుడు జాన్ బ్లాండ్-సట్టన్ 1897లో మెనిస్కస్‌లను ఏ పనీ లేని కండర అవశేషాలన్నాడు. చిరిగితే మొత్తంగా తీసేయడం దశాబ్దాల పాటు మామూలు చికిత్సగా సాగింది.

1936లో డాన్ కింగ్ కుక్కల మీద ప్రయోగాలు చేసి, రక్తం అందే అంచు దాకా సాగిన చిరుగు మానుతుందని చూపాడు. 1948లో బ్రిటిష్ వైద్యుడు టి. జె. ఫెయిర్‌బ్యాంక్, మెనిస్కస్ తీసేసిన మోకాళ్ల ఎక్స్‌రేల్లో మూడు మార్పులు గుర్తించాడు: తొడ ఎముక అంచున గట్టులాంటి పెరుగుదల, కీలు సందు ఇరుకు కావడం, ఎముక గుండ్రని కొస చదును కావడం. మెనిస్కస్ బరువు మోస్తుందనడానికి ఇది బలమైన ఆధారమైంది. 1970లలో ప్రయోగశాల కొలతలు దాన్ని ధ్రువపరిచాయి.

ఈలోగా జపాన్‌లో మోకాలిని పూర్తిగా తెరవకుండానే లోపలికి చూసే ఆర్థ్రోస్కోపీ పదును తేలింది. 1962లో టోక్యోలో మసాకీ వతనబే దాని సాయంతో చిరిగిన ముక్కను మాత్రమే తొలగించాడు. 1969లో హిరోషి ఇకెయూచి అదే పద్ధతిలో చిరుగును కుట్టాడు. ఏ చిరుగు కుట్టదగ్గదో తేల్చడానికి 1982 నాటి స్టీవెన్ అర్నోజ్కీ, రస్సెల్ వారెన్‌ల పరిశీలన తోడ్పడింది. పెద్దవారిలో రక్తనాళాలు బయటి అంచున 10 నుంచి 30 శాతం మేరకే ఉంటాయని వారు చూపారు. లోపలి భాగానికి పోషణ కీలు ద్రవం నుంచే అందుతుంది కనుక అక్కడి చిరుగు మానడం కష్టం. కుట్టడం, తొలగించడం కాక మరో దారిగా 1984లో జర్మనీలో దాత మెనిస్కస్‌ను మార్పిడి చేశారు.

చిరుగు కనబడితే ముక్క తీసేయడమన్న అలవాటును 2013లో ఫిన్లాండ్ పరిశోధకులు ప్రశ్నించారు. వయసుతో వచ్చిన చిరుగులున్న 146 మందిలో కొందరికి నిజంగా ముక్క తీశారు, కొందరికి తీసినట్టు నటించారు. ఏడాది తరువాత రెండు గుంపుల ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ప్రస్తుతం అరుగుదల చిరుగులకు మొదట వ్యాయామ చికిత్స చేయించడం, దెబ్బ వల్ల ఏర్పడిన చిరుగు కుట్టదగ్గదైతే కుట్టడం, తొలగించక తప్పనప్పుడు వీలైనంత తక్కువ తీయడం ఆనవాయితీ.