బొంత

వానలు వెనకబట్టి, తెల్లవారుజామున ఒళ్లు జలదరించే కార్తీకం నాటికి పల్లెల్లో పాత చీరల మూట విప్పేవారు. బొంతకు నేత చీరలే కావాలి, అవీ బాగా ఉతికి ఉతికి మెత్తబడినవి. గట్టిగా ఉన్నవి పైకీ కిందికీ, చిరుగులు మధ్యకీ. నలుగురు ఆడవాళ్లు నాలుగు అంచుల నుంచీ మొదలుపెడితే, పెద్ద సూదితో వేసే పొడుగు కుట్లు లోపలికి నడిచి మధ్యలో కలుస్తాయి. మాటలు సాగినకొద్దీ కుట్లు వంకర పోతాయి, అది వేరే సంగతి.

సంస్కృతం దీన్ని కంథ అంది. బెంగాల్ కాంథా కుట్టు పేరు అక్కడిదే. మరాఠీలో గోధడి, కన్నడంలో కౌది. మన బొంత మాత్రం అచ్చ తెలుగు మాట. కన్నడంలో బొంతె దీనికి చుట్టమే.

వంటింట్లోనూ ఈ మాట ఉంది. దళసరి తొక్కతో, బండగా పెరిగే కూరరకం బొంత అరటి. ఆవ పెట్టి కూర చేసినా, బజ్జీ వేసినా అదే రుచి. ఇక కాకుల్లో బొంతకాకి. ఇవన్నీ ఒకే మాట బిడ్డలని తేల్చేయను గానీ, మొదటి రెంటిలో మందం అన్న భావం తగులుతూనే ఉంటుంది.

సరిజోడును ఎకసెక్కంగా ‘గంతకు తగ్గ బొంత’ అంటాం. పొత్తులతో నిలిచిన ప్రభుత్వాన్ని పత్రికలు ‘అతుకుల బొంత’ అని తీసిపారేస్తాయి. బొంత కుట్టినవాళ్లు ఆ తిట్టు ఒప్పుకోరు: అతుకులున్నా అది ఏళ్ల తరబడి ఆగుతుంది.