ప్రతిగ్రహం – ఖమ్మం చెప్పిన పాఠం

మన ధర్మశాస్త్రాలు దానాన్ని ఎంతగా మెచ్చుకున్నాయో, ప్రతిగ్రహాన్ని, అంటే దానం పుచ్చుకోవడాన్ని, అంతగా శంకించాయి. ఎవరి చేతినుండి, ఏ వస్తువును, ఏ నిమిత్తం పుచ్చుకుంటున్నామో విచారించుకోవలసిన భారం పుచ్చుకొనేవానిదే. మరి ప్రభుత్వమే ప్రతిగ్రహీత అయినప్పుడు? ఈ ప్రశ్నకు మన తెలుగునేలమీదే ఒక చరిత్ర ఉన్నది.

2009 జూలైలో, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుండి 14 ఏళ్ళ బాలికలకు హెచ్‌పీవీ టీకా వేయనారంభించారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించేందుకు ఉద్దేశించిన టీకా ఇది. దాదాపు 14,000 మంది బాలికలు. వారిలో గిరిజన సంక్షేమ వసతిగృహాల పిల్లలు ఎందరో.

నడిపించినది అమెరికాకు చెందిన పాత్ అనే సంస్థ. ధనం గేట్స్ ఫౌండేషన్‌ది. ఇక్కడ వాడిన గార్డసిల్ టీకాను మెర్క్ కంపెనీ ఉచితంగా ఇచ్చింది. గుజరాత్‌లోని వడోదరలో వాడిన సెర్వారిక్స్‌ను గ్లాక్సో కంపెనీ ఇచ్చింది. భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం భాగస్వాములు. మండలి పాత్‌తో ఒప్పందం చేసుకొన్నది 2007 ఫిబ్రవరిలో. టీకాకు మన దేశంలో అనుమతి లభించినది 2008లో. ముందు చేయి చాచి, తరువాత వస్తువును పరీక్షించినట్లయింది.

కొందరు బాలికల మరణవార్తలు వెలువడగా, 2010 ఏప్రిల్‌లో కేంద్రం కార్యక్రమాన్ని నిలిపివేసింది. రెండు రాష్ట్రాలలో కలిపి మరణాలు ఏడు. పాముకాటు, నీట మునగడం, పురుగుమందు వంటి కారణాలు చూపి, అవి టీకావల్ల కలిగినవి కాకపోవచ్చునని విచారణ సంఘం తేల్చింది. టీకాను నిందించడం నా ఉద్దేశం కాదు. ఎన్నో దేశాలు దానిని వాడుతున్నాయి. నా బాధ వేరు.

2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీసంఘం ఇచ్చిన నివేదికలో ఒక లెక్క ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లోని 9,543 అంగీకారపత్రాలలో 1,948 వేలిముద్రలు, 2,763 వసతిగృహ వార్డెన్ల సంతకాలు. ఉపాధ్యాయునిగా బ్రతికిన నాకు ఈ చివరి అంకె దగ్గర చూపు ఆగిపోయింది. పిల్ల బడి మారితే సంతకం చేస్తాము, మార్కుల పట్టీమీద చేస్తాము. ఆ పిల్ల దేహంమీద మనకేమి హక్కు? అడవిపల్లెలో ఉన్న తల్లిదండ్రులను పిలిచి, వారి మాటలో విషయం విడమరచి చెప్పి, వద్దనే అవకాశం కూడా ఇవ్వడమే కదా అంగీకారం! మందు ఉచితమే, దాని వెల ఆ పత్రాలలో చెల్లింది.

టీకా సార్వత్రిక టీకాల పథకంలో చేరితే తయారీదారులకు అపారలాభం కలిగేదని కూడా ఆ సంఘం వ్యాఖ్యానించింది. కంపెనీ లాభం కోరడం వింత కాదు, అది వ్యాపారధర్మం. కాపలా ఉండవలసినవారు పంక్తిలో కూర్చోవడమే వింత.

వామనుడు చేయి చాచినప్పుడు బలిని హెచ్చరించడానికి శుక్రాచార్యుడు ఉన్నాడు. అది దాతకు హెచ్చరిక. ప్రతిగ్రహీతకూ అటువంటి గురువు ఒకడు కావాలి. మా నాయుడుపేట ఆసుపత్రికైనా, భద్రాచలం వసతిగృహానికైనా రేపు ఉచితంగా మందులు రావచ్చు. రానివ్వండి. అయితే దాత ఎవరు, ప్రతిఫలమేమిటి, సంతకం ఎవరిది అన్న మూడు ప్రశ్నలు వాటికన్నా ముందే గుమ్మంలో నిలబడి ఉండాలి.