నైటింగేలు కోరిన కిటికీ

ఫ్లారెన్సు నైటింగేలు పేరు వినగానే, చేత దీపము పట్టి రోగుల మంచముల నడుమ తిరుగు మూర్తి మన కనులముందు నిలుచును. ఆ దీపమును లోకము జ్ఞాపకముంచుకొన్నది. ఆమె పట్టుబట్టి కోరిన మరియొక వస్తువును, అనగా కిటికీని గూర్చి మేమీ ప్రసంగమున మనవి చేయదలచితిమి.

1854లో క్రిమియా యుద్ధకాలమున ఆమె స్కుటారి సైనిక వైద్యశాలకు చేరునప్పటికి, గాయములకంటె రోగములచేతనే ఎక్కువమంది సైనికులు మరణించుచుండిరి. మరుసటి యేడు పారిశుధ్య సంఘమువారు మురుగు కాలువలను శుభ్రపరచి, గదులకు గాలి వచ్చునట్లు చేసిన పిదప మరణములు బాగుగా తగ్గెను. 1859లో వైద్యశాలలను గూర్చి వ్రాసిన గ్రంథమున ఆమె, వార్డునకు రెండువైపుల ఎదురెదురుగా కిటికీలుండవలెనని చెప్పెను. 1871లో లండనులో థేమ్సు ఒడ్డున తెరువబడిన సెయింట్ థామస్ వైద్యశాల నూతన భవనములు ఈ పద్ధతిననే వెలసెను.

ఇరువదవ శతాబ్దమున శీతలయంత్రములు వచ్చెను. చౌక ఇంధనమును నమ్ముకొని భవనములు వెడల్పయ్యెను, కప్పుల ఎత్తు తగ్గెను, కిటికీలు మూతపడెను. 1973లో చమురు ధర పెరిగినప్పుడు గాని ఈ సుఖము ఖరీదెంతో పలువురకు తెలియలేదు.

పాత పద్ధతి విలువ ఎంతో లెక్కకు అందినది. పెరూ రాజధాని లీమాలో 8 వైద్యశాలలను పరీక్షించిన పరిశోధకులు 2007లో తమ ఫలితములను ప్రకటించిరి. ఎత్తైన కప్పులు, పెద్ద కిటికీలు గల పాత భవనములలో గంటకు సుమారు 40 మారులు గాలి మారగా, కొత్త భవనములలో 17 మారులే మారెను. క్షయ గాలిద్వారా సోకునది గదా! ఈ భేదము ప్రాణములతో ముడిపడినది.

వైద్యశాలకు రాత్రి లేదు, సెలవు లేదు. కావున భవనమును బాగుచేయించువారు విద్యుత్తు పొదుపును కోరుట న్యాయమే. కాని పొదుపు పేర ఉన్న కిటికీని మూయించినచో రోగికి గాలి కరవగును. డాబాకు సున్నము వేయించి, కిటికీలకు నీడ కల్పించి, ఎల్.ఇ.డి. దీపములమర్చి, మూసిన గవాక్షములను తిరిగి తెరువవలెను. శస్త్రచికిత్స గదికి వడకట్టిన గాలి తప్పదు; యంత్రమును అట్టి చోట్లకే పరిమితము చేసినచో ఖర్చును తగ్గును, సామాన్య వార్డునకు గాలియు దక్కును.

మంచముపై నున్న రోగి విద్యుత్తు బిల్లును చూడడు. గాలిని మాత్రము పీల్చుచుండును. మరమ్మతు లెక్కలలో ఆ గాలికిని ఒక పద్దు ఉండవలెనని మా మనవి.