పైన ఇసుక, కింద బంక: మీ చల్కా నేలను తవ్వి చూడండి

వాన వెళ్లిన పది పదిహేను రోజులకే పైరు వాడిపోతోందని, పెద్ద వాన పడితే అదే చేనులో నీళ్లు నిలిచి మొక్కలు పసుపుబారుతున్నాయని చాలామంది రైతులు అడుగుతుంటారు. ఒకే చేనుకు ఈ రెండు ఇబ్బందులూ ఎందుకు? జవాబు చాలాసార్లు అడుగు లోతులోనే ఉంటుంది.

తెలంగాణ ఎర్ర చల్కాల్లో, రాయలసీమ ఎర్ర నేలల్లో చాలాచోట్ల పై పొర ఇసుక పాలు ఎక్కువున్న గరప మట్టి, దాని కింద బంకమట్టి. ఏళ్ల తరబడి వాన నీటితో పాటు సన్నని బంక రేణువులు కిందికి దిగి పేరుకోవడం ఇందుకు ముఖ్య కారణం. పై పొరలో తేమ ఎక్కువకాలం నిలవదు. కింది పొరలోకి నీరు మెల్లగా దిగుతుంది.

వాన పడిన రెండు మూడు రోజులకు మెరకలో ఒకటి, పల్లంలో ఒకటి రెండడుగుల గుంతలు తీయండి. తడి మట్టిని బొటనవేలు, చూపుడువేలి మధ్య పట్టీలా సాగదీయండి. గరప మట్టి అంగుళం లోపే తెగిపోతుంది. రెండంగుళాలు దాటి సాగితే బంకమట్టి. ఎన్ని అంగుళాల లోతున మట్టి మారిందో రాసుకోండి. భూసార పరీక్షకు మీరిచ్చే నమూనా పై ఆరంగుళాలదే కాబట్టి ఆ కార్డులో ఇది కనబడదు.

బంక అడుగుకు పైగా లోతున ఉంటే వేరుశనగకు అనుకూలమే. కంది, ఆముదం వేర్లు ఆ పొరలోని తేమను కూడా అందుకుంటాయి. ఆరు, ఎనిమిది అంగుళాలకే తగిలితే కందిని బోదెల మీద విత్తి, నీరు పోయే కాలువ తీయండి. యూరియా ఒకేసారి గుమ్మరించకుండా తేమ ఉన్నప్పుడు రెండు మూడు దఫాలుగా వేయండి. విత్తాక వాన పడి పైమట్టి పెచ్చు కడితే మొలక బయటికి రాలేదు. తేలికగా గుంటక తోలి పెచ్చు పగలగొట్టాలి.

నాకు ఎక్కువ బాధ కలిగించేది జేసీబీతో చదును చేయించడం. మెరక గీకి పల్లంలో పోస్తారు. గీకినచోట బంక బయటపడి, ఏళ్లు గడిచినా పైరు సరిగా ఎదగదు. చదును తప్పనిసరైతే ముందు పైమట్టిని ఒకపక్కకు తీయించి, కింది మట్టిని సరిచేశాక మళ్లీ పైన పరిపించండి. కిరాయి గంటలు పెరుగుతాయి, నిజమే. పోయిన పైమట్టిని మాత్రం కొనలేం. ఇప్పటికే గీకించి ఉంటే ఆ ముక్క వరకు పశువుల ఎరువు ఎక్కువ వేసి, జనుము చల్లి పూతకు వచ్చేటప్పుడు కలియదున్నండి. అక్కడ చెరువు మట్టి మాత్రం తోలవద్దు, బంక మీద బంక అవుతుంది.